నూరు బారల గొలుసు

చెన్నమ్మ మొదటి కుట్టు దగ్గరే ఆగిపోయింది.

వజ్రకరూరు దగ్గరి ఆ పల్లెలో, పొదుపు సంఘం గదిలో వేసవి అల్లికల తరగతి మొదలై పన్నెండు రోజులైంది. నలభై రెండు డిగ్రీల ఎండలో ఊలు ముట్టుకోవడమే సాహసం. అయినా పద్దెనిమిది మంది ఆడవాళ్ళు కొక్కెం సూదులు పట్టి పసిబిడ్డల టోపీలు, సెల్‌ఫోన్ సంచులు అల్లేశారు. ఓబమ్మ అయితే తన ఇంటి మిక్సీకి పూల గౌను తొడిగింది.

చెన్నమ్మ మాత్రం గొలుసు కుట్టు దాటలేదు. ఒక మెలిక, అందులోంచి లాగితే ఇంకో మెలిక. అంతే.

మొదటి రోజు మెలికలోంచి మెలిక పుట్టడం చూసి ఆమె చప్పట్లు కొట్టింది.

"ఒక్క దారమే, ఎంత దూరమైనా పోతాది! ఏం మాయ పాపా ఇది?"

"మాయ కాదక్కా, లెక్క," అంది అనంతపురం నుంచి వచ్చి నేర్పుతున్న అనుపమ.

"లెక్కయితే ఇంకా మేలు," అంది చెన్నమ్మ.

ఆనాటి నుంచి, తొలకరికి వజ్రాలు ఏరేవాళ్ళు నేలను చూసినట్లు, ఆమె సూది కొసను చూస్తూనే ఉంది.

"రెండో కుట్టు నేర్చుకో అక్కా. శనివారం ప్రదర్శన. ఒట్టి గొలుసు చూపిస్తే సర్టిఫికెట్ ఇయ్యరు."

"కాగితం నాకెందుకు పాపా? ఇంకో ఊలు ఉండ ఇయ్యి."

శనివారమే ఆమె ఇంట్లో ఇంకో కార్యం ఉంది. భర్త నాగప్ప, మిగిలిన పొలంలో కొత్త బోరు వేయించే డబ్బు కోసం రోడ్డు పక్కనున్న రెండెకరాలు అమ్మేస్తున్నాడు. ఇద్దరు బిడ్డలను చదివించిన చేను అది. మూడేళ్ళ కిందట పొలంలోని బోరు ఎండిపోయింది. ఈ మధ్య నీళ్ళు చూసే రామప్ప వచ్చి, అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని పొలమంతా నడిచాడు. పాత బోరు దగ్గర కాయ పడుకొంది. తూర్పు గట్టు మీద నిటారుగా లేచింది. కాయ లేచిన చోటే నీళ్ళని తీర్పు అయిపోయింది.

"నిరుడు వానలు బాగా పడినాయి కదా," అని చెన్నమ్మ అనబోయింది.

"నీళ్ళ సంగతి వానను అడుగుతారా యాడన్నా? కాయను అడుగుతారు గానీ," అని నాగప్ప నోరు మూయించాడు.

ఈ సంగతి తరగతిలో అందరికీ తెలుసు. అందుకే ఓబమ్మకు ఒళ్ళు మండింది.

"ఆడ చేను పోతాండాది. ఈడ నువ్వు దారంతో ఆడుకుంటాండావు. బుద్ధుండాదా వదినా నీకు?"

చెన్నమ్మ రెండు చేతులూ బారజాపి గొలుసు కొలుచుకొంది. "ఎనభై ఆరు బారలైనాది ఓబమ్మా!" అని పకపకా నవ్వింది.

ప్రతి పది బారలకూ ఒక ఎర్ర ఊలు కుచ్చు కట్టింది. ఒక్క కుట్టు వదులైనా అక్కడిదాకా విప్పి మళ్ళీ అల్లింది. సాగితే కొలత తప్పుతుందట. అంత సమమైన గొలుసును అనుపమ తన గురువు చేతిలో కూడా చూడలేదు.

"పాపా, ఇది తడిస్తే తెలుస్తాదా?"

"రంగు కొంచెం ముదురుతాది. భయం లేదక్కా, ఉతుక్కోవచ్చు."

"కొసకు అరకేజీ గుండు కడితే?"

"పూలకుండీ వేలాడదీస్తావా? తెగదులే."

తరగతి తలా ఒక సిద్ధాంతం చేసింది. ఒకామె ఉయ్యాల అంది. ఒకామె, నాగప్పను కట్టేసేదానికి అంది. చివరకు, ఇది వానల కోసం మొక్కుకున్న నూరు బారల మొక్కు అని ఎవరో తేల్చారు. మర్నాడు ఊలు ఉండకు కుంకుమబొట్టు పడింది. ఇద్దరు కళ్ళకద్దుకొన్నారు. చెన్నమ్మ ఆ బొట్టును జాగ్రత్తగా తుడిచేసింది.

శుక్రవారం సాయంత్రం నూరో బార పూర్తయింది. గదంతా ఈలలు. పద్దెనిమిది మందీ గొలుసు పట్టుకొని వీధిలోకి ఉరికారు. అది బడి దాటింది, చిల్లర అంగడి దాటింది, మలుపు తిరిగి రచ్చకట్ట దాకా పోయింది. ఒక గేదె అడ్డం వచ్చి చుట్టుకొంటే, దాన్ని విడిపించేవాళ్ళు నవ్వలేక కూలబడ్డారు.

నాగప్ప ఎదురొచ్చాడు. "ఏందే ఈ తిరనాళ్ళు?"

"నీకు దండ అల్లినా. మెడకు ఎన్ని చుట్లు వస్తాదో చూద్దామా?"

వీధి గొల్లుమంది.

"నవ్వు, నవ్వు. రేపు పొద్దున చేను కొనే దివాకర్ అగ్రిమెంటు తెస్తాడు, చేనికాడికి రా. ముందు ఆ దారం యాడన్నా పారెయ్."

"యాడ వెయ్యాల్నో నాకు తెలుసులే," అంది చెన్నమ్మ, గొలుసును ఉండగా చుట్టుకొంటూ.

శనివారం ప్రదర్శనలో మిక్సీ గౌనుకు మొదటి బహుమతి వచ్చింది. చెన్నమ్మ పేరు చీటీ కింద అల్లిక తగిలించే మేకు ఖాళీగా ఉంది. "అంత కష్టపడి, చూపించేదానికి రాకపోతే ఎట్లా?" అని అనుపమ నొచ్చుకొంది.

అదే వేళకు చేనిలో, నాగప్పా, అగ్రిమెంటు కాగితం పట్టుకొన్న దివాకరూ నోళ్ళు తెరిచి చూస్తుండగా, చెన్నమ్మ ఎండిపోయిన పాత బోరులోంచి బార తర్వాత బార పైకి లాగుతున్న ఆ గొలుసు, ఏడో ఎర్ర కుచ్చు దాటిన దగ్గర నుంచి నీళ్ళు ఓడుతూ వస్తోంది.