బిడ్డ ఉత్తరం

ఆ పొద్దున మబ్బు కమ్మి, ఒక్క చినుకూ రాల్చకుండా తేలిపోయింది.

అనంతపురం బస్టాండులో పడుకునేవాళ్ల వివరాలు రాసుకుంటున్న అమ్మాయి, "చదివినోళ్లకు పని చూపిస్తాం," అంది.

"నాకు సదువు రాదు తల్లీ," అన్నాడు ఆదెన్న.

రెండేళ్లుగా అతనితో కూలికి వచ్చే తిప్పేష్ నేల చూస్తూ చెప్పాడు. "బీఎస్సీ, బీఈడీ."

ఆదెన్న జేబులోంచి హాస్టల్లోని కూతురి ఉత్తరం తీశాడు. "ఈ ఉత్తరాలు సదవమని బస్సు దిగినోళ్లనంతా అడుక్కుంటాంటి. నువ్వు పక్కనే కూసోని ఇంటాంటివి గదప్పా."

"సదివినోడు ఎదురు మాట్లాడతాడని మేస్త్రీ పనికి పిలవడన్నా. అందుకే యాడైనా వేలిముద్రే ఏస్తి."

"నేను మేస్త్రీనా?"

తిప్పేష్ ఉత్తరం కోసం చెయ్యి చాచాడు. ఆదెన్న దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, ఆ చేతిలో రోజూలాగే సగం సంగటి ముద్ద పెట్టాడు.