స్టీరింగ్ ముందు నాన్న

"ఆ మోచెయ్యి కూడా తీసేయండి," అంది ఆమె, కంప్యూటర్ తెర మీదకు వంగి. "కారు కిటికీలోంచి బయటికొచ్చింది చూశారా, అదే."

స్టూడియో అతను ఫొటోని పెద్దది చేశాడు. మౌస్‌తో మోచేతి చుట్టూ మెల్లగా గీత గీసుకుంటూ వెళ్లాడు. చేపలోంచి ముల్లు తీసేవాడికైనా అంత ఓపిక ఉండదు. పొద్దున పదింటికి వచ్చి కూర్చుంది ఆమె. పన్నెండు దాటింది. ఇంకా మోచేతి దగ్గరే ఉన్నాడు మహానుభావుడు.

బల్ల మీద ఏడు పాత ఫొటోలున్నాయి. అన్నింట్లోనూ ఒకటే కారు. ఆ కారంటే ఆమె తండ్రికి ప్రాణం. నడపడం మాత్రం రాదు. నేర్చుకుంటా నేర్చుకుంటా అని పాతికేళ్లు అన్నారు గానీ, ఒక్కనాడైనా స్టీరింగ్ పట్టుకున్న పాపాన పోలేదు. మూడు నెలల కిందట ఆయన పోయారు.

అప్పటినుంచీ తల్లి మంచం దిగడం మానేసింది. సాయంత్రమయ్యేసరికి గుమ్మం వైపు తిరిగి, "కారు వచ్చిందా?" అని అడుగుతుంది. కారు అమ్మేసి పదిహేనేళ్లయిందనీ, దిగి లోపలికొచ్చే మనిషే లేరనీ రోజూ చెప్పాల్సిందే. చెప్పి చెప్పి కూతురి గుండె పుండైపోయింది. నాన్న తనే కారు నడుపుకుంటూ ఇంటికొస్తున్నట్టు పెద్ద ఫొటో చేయించి మంచానికి ఎదురుగా పెడితే, అమ్మ ఆ ప్రశ్న మానేస్తుందేమోనని ఆమె ఆశ.

"ముఖం ఈ వెనక సీటు ఫొటోలోది తీసుకోండి. ఇందులో బాగా నవ్వుతున్నారు."

"అలాగేనండీ."

"కారు రంగు వెలిసిపోయింది కదా, అసలు రంగు..."

అప్పటికే తెర మీద కారు ముదురు ఆకుపచ్చగా మారిపోయింది.

"మీకెలా తెలిసింది?"

"అప్పట్లో ఈ కార్లు ఎక్కువ ఆ రంగులోనే వచ్చేవండీ," అన్నాడు తల తిప్పకుండానే.

చిక్కంతా అప్పట్లో ఆ కారు నడిపిన డ్రైవరుతోనే వచ్చింది. ఏ ఫొటో చూసినా మనిషి మొత్తం లేడు, అలాగని లేకుండానూ పోలేదు. ఒకదాంట్లో మోచెయ్యి, ఒకదాంట్లో మెడ వెనక భాగం, ఇంకోదాంట్లో అద్దం తుడుస్తున్న చెయ్యి. సముద్రం దగ్గర తీసినదాంట్లో లోపలి అద్దంలో రెండు కళ్లు మాత్రం కనిపిస్తున్నాయి.

"ఇదెప్పటిదండీ?"

"నా ఏడో పుట్టినరోజుది. మూడు రోజులున్నాం అక్కడ."

"మూడు రోజులా?" అని గొణుక్కున్నాడు అతను. ఆ కళ్లను పెద్దవి చేశాడు. ఇంకా పెద్దవి చేశాడు.

"అవి కూడా తీసేయాలండీ. అమ్మ చూస్తే మళ్లీ గందరగోళపడుతుంది."

"తీస్తానండీ. ఇతను మీ దగ్గర చాలాకాలం చేశాడా?"

"నేను పుట్టకముందునుంచీ. నన్ను బడికి దింపింది, తెచ్చింది అంతా అతనే. పండగొచ్చినా పబ్బమొచ్చినా ఒక్కరోజు సెలవు పెట్టి ఎరగడు. తర్వాత జబ్బుచేసి మానేశాడు. ఏమయ్యాడో ఏమో!"

"పేరు?"

ఆమె కాస్త నీళ్లు నమిలింది. "డ్రైవర్ అనే పిలిచేవాళ్లమండీ."

అతను తల ఊపాడు. "ఇతను ఉన్న ఫొటోలు ఇంకేమైనా ఉన్నాయా?"

"భలేవారే! తీసేయమంటే ఉన్నవి కావాలంటారేంటి? ఇంత నిదానమైతే మీతో ఎలాగండీ? ఇంటి దగ్గర అమ్మ ఒక్కతే ఉంది."

అతను మళ్లీ పనిలో తల దూర్చాడు. ఒంటిగంటకు పూర్తయింది.

ఆకుపచ్చ కారు. స్టీరింగ్ ముందు నాన్న. పాతికేళ్లుగా అక్కడే కూర్చుంటున్నట్టు చులాగ్గా నవ్వుతున్నారు. ఎక్కడా అతుకు కనిపించలేదు. డ్రైవరు ఆనవాలే లేదు.  ఇంతసేపూ విసుక్కున్నందుకు ఆమెకు సిగ్గేసింది.

"మా నాన్నని తిరిగి తెచ్చిపెట్టారండీ," అంది కళ్లు తుడుచుకుంటూ.

అతను ఫైలు మూస్తుంటే వెనక ఇంకొకటి తెరిచి ఉండటం కనిపించింది. అందులో మోచెయ్యి, మెడ, చెయ్యి, అద్దంలోని కళ్లు వరసగా పేర్చి ఉన్నాయి. అరకొరగా ఒక మనిషి తయారవుతున్నాడు. కళ్లున్నాయి గానీ నోరు లేదు.

ఆమెకు చిర్రెత్తుకొచ్చింది. "మా ఫొటోల్లోవి మీరు దాచుకోవడమేంటి? చెరిపేయండి."

"ఇవి నాకు వదిలేయండి, మేడమ్."

"ఎందుకూ పనికిరాని ముక్కలు. వీటితో మీకేం పని?"

అతను మౌస్ మీద నుంచి చెయ్యి తీసేశాడు.

"మా ఇంట్లో నాన్న ఫొటో ఒక్కటీ లేదండీ."