ఐఫోన్‌వాడు

“మళ్లీ ఆప్ కూలింది. అదే ఫోను, అదే రికార్డింగు,” అన్నాడు టెస్టరు, కుర్చీ తిప్పకుండానే. “చూస్తున్నావా, మౌనిబాబా?”

అతను చూస్తూనే ఉన్నాడు. ఆఫీసులో అతనికి ఆ పేరు పెట్టింది, అతని కోడ్‌లో తప్పులు వెతికే ఈ టెస్టరే. పొద్దున వచ్చి కోడ్ రాసుకుని సాయంత్రం వెళ్లేలోపు అతని నోట్లోంచి నాలుగు ముక్కలు రాలితే గొప్ప.

వాళ్లు చేసేది గొంతుల ఆప్. ఎవరైనా కథో కబురో చెప్పి రికార్డు చేయొచ్చు, ఎవరైనా వినొచ్చు. ఆండ్రాయిడ్‌కీ ఐఫోన్‌కీ కోడ్ ఒకటే. రాసింది అతనే. కిందటి వారం కొత్త వెర్షన్‌లో రికార్డింగు ఎంతవరకు నడిచిందో చూపే గీత పెట్టాడు. దాంతోపాటే, ఏ రికార్డింగు ఎందరు వింటున్నారో లెక్కగట్టే ఏర్పాటూ, ఆప్ కూలితే ఏ ఫోన్లో ఏం వింటుండగా కూలిందో తనంతట తానే కబురు పంపే ఏర్పాటూ పెట్టాడు. పేర్లు మాత్రం రాకూడదని కంపెనీ నడిపే మేడమ్ ఆర్డరు. “జనం ఏం వింటున్నారో చాలు. ఎవరు వింటున్నారో, ఎవరు చెప్పారో మనకెందుకు?” అంది ఆవిడ. అందుకని పేరు ఉండాల్సిన చోట అంకెల గొలుసు కనబడుతుంది.

“ఈ మోడల్ ఇంకా బతికుందా గురూ?” టెస్టరు నవ్వాడు. “మ్యూజియంలోంచి ఎవరో వింటున్నారు.”

అతనికి నవ్వు రాలేదు. ఆ మోడల్ ఫోను అతనింట్లో ఒకటుంది. కొత్తది కొంటానన్నా భార్య మార్చనివ్వలేదు. ఆప్ జనంలోకి రాకముందే అందులో వేసిచ్చింది అతనే. ఆమె కట్టుడు పళ్లు చేసే ల్యాబులో పనిచేస్తుంది. మధ్యాహ్నం భోజనం వేళ కాస్త ఖాళీ. ఆప్ కూలిందన్న రిపోర్టులన్నీ ఆ వేళవే.

రిపోర్టుల జాబితా కిందికి జరిపాడు. రోజూ ఒకే రికార్డింగు. తెరవగానే ఆప్ కూలుతోంది. మళ్లీ తెరుస్తోంది. మళ్లీ కూలుతోంది. ఆ రికార్డింగుకి శ్రోత ఒక్కరే. చెప్పినవాడి గురించి ఉన్నది ఒక్క మాట: ఐఫోన్.

“ఇంత పట్టుదలగా వినే మనిషి దొరికాడంటే, ఎవడో గానీ అదృష్టవంతుడు,” అన్నాడు టెస్టరు. ఆప్ మొదలైనప్పటి నుంచీ అందరూ వాడే ఆఫీసు ఐఫోన్, ఉన్నదొక్కటే, టెస్టరు టేబుల్ మీద ఛార్జరుకి వేలాడుతోంది. “దీంట్లోనూ తెరిచి చూశా. నోరు విప్పకముందే పడిపోతోంది. ఒకటే కోడ్, ఒకటే రోగం. పాత రికార్డింగు, తుడిచిపారేస్తే పోలా? ఒక్కరి కోసం ఎవడు తవ్వుతాడు?”

అతని వేలు తుడిచేసే బటన్ దాకా వెళ్లి ఆగింది.

“రేపు చూస్తా,” అన్నాడు.

ఆ రాత్రి ఇంట్లో ఇద్దరూ భోజనానికి కూర్చున్నారు.

“మీ ఆప్‌కేం జబ్బు? వారం నుంచీ మూసుకుపోతోంది,” అంది భార్య, గిన్నె అతని వైపు జరుపుతూ.

“ఏం వింటుంటే?”

“రోజూ వినేదే.”

“అదే, ఏది?”

ఆమె అతని మొహంలోకి చూసింది. “ఇవాళ ప్రశ్నలు కూడా వేస్తున్నారు. ఒంట్లో బాగానే ఉందా?”

“చెప్పు.”

“ఒకాయన మాట్లాడతాడు. కథేం కాదు, ఊరికే కబుర్లు.”

“బాగా మాట్లాడతాడా?”

“మనిషి ఎదురుగా కూర్చున్నట్టే ఉంటుంది. నవ్విస్తాడు కూడా.”

“ఎవరతను?”

“మీ ఆప్‌లో మనిషే కదా, మీరే కనుక్కోండి.”

నవ్వింది. ఆమె అలా నవ్వగా చూసి చాలాకాలమైంది. ఆ నవ్వు ఐఫోన్‌వాడి ఖాతాలోది.

“బాగుచెయ్యలేకపోతే అలాగే ఉండనివ్వండి,” అంది, కంచాలు తీస్తూ. “తీసెయ్యకండి మాత్రం.”

ఆమె అతన్ని ఏదైనా అడిగి కూడా చాలాకాలమైంది. అడిగింది వాడి కోసం.

మర్నాడు అందరికంటే ముందు ఆఫీసుకొచ్చాడు. తుడిచేస్తే పని అయిపోతుంది. కానీ వాడి గొంతు వినకుండా తుడిస్తే ముల్లు లోపలే ఉండిపోతుంది. వినాలంటే బాగుచెయ్యాలి. మేడమ్ గదమాయింపులకి కదలని పని ఈర్ష్యకి కదిలింది.

రోగం చిన్నదే. ఇప్పటి రికార్డింగులకి నిడివి కూడా నమోదవుతుంది. బాగా పాతవాటికి అది లేదు. కొత్తగా పెట్టిన గీత ఆ లేని నిడివితో భాగహారం చెయ్యబోయి ఆప్‌ని కూల్చేస్తోంది. నిడివి లేకపోతే గీత వద్దని రెండు లైన్లు రాశాడు. ఈలోగా టెస్టరు వచ్చాడు. అలవాటు ప్రకారం అటు తిరిగి కూర్చుని కంప్యూటరు తెరిచాడు.

అతను రికార్డింగు నొక్కాడు. ఈసారి ఆప్ కూలలేదు. సౌండు పెంచి, పెదాలు బిగించి కూర్చున్నాడు. వినగానే తుడిచేద్దామని రెండో చెయ్యి మౌస్ మీద పెట్టుకున్నాడు.

ఐఫోన్‌వాడు దగ్గాడు. ఎక్కడో కుర్చీ కిర్రుమంది.

“హలో, హలో, వినబడుతోందా అమ్మాయిగారూ? మా ఆప్‌కి మొట్టమొదటి శ్రోత తమరే. వినబడితే ఒక్కసారి నవ్వండి. మీరు నవ్వేదాకా నేను వాగుతూనే ఉంటా...”

అటు తిరిగి కూర్చున్న టెస్టరు, తెర మీంచి కళ్లు తిప్పకుండానే అన్నాడు:

“ఇన్నాళ్లకి నోరు విప్పావేంటి, మౌనిబాబా?”