పెయ్యా, దున్నా?

చెవిబిళ్లలు వచ్చాక పాడిగేదెలు చెప్పిన మాట వింటున్నాయి. బిళ్ల మారిస్తే గేదె ఒంట్లో హార్మోన్లు మారతాయి, పొదుగులో పాలు మారతాయి. ఒక బిళ్లకు పెరుగు గడ్డకట్టే పాలు, ఇంకో బిళ్లకు మందుల కంపెనీకి పోసే పాలు.

ఆదెమ్మ గేదె మాత్రం మొన్నటిదాకా మూడు నెలలపాటు తల్లిపాలు ఇచ్చింది. పట్నంలో ఆమె కూతురు శిరీషకు నెలలు నిండకుండానే కాన్పయింది, పాలు పడలేదు. గాజుపెట్టెలో పడుకోబెట్టిన గుప్పెడంత బిడ్డకు డబ్బాపాలు ఇమడలేదు, ఏడవడానికి కూడా ఓపిక లేదు. తల్లిపాలలోని మాంసకృత్తులే గేదె పొదుగులో తయారయ్యే బిళ్ల ఇచ్చారు ఆసుపత్రివాళ్లు. ఆదెమ్మ రోజూ ఆ పాలు పట్టుకుని తొలి బస్సెక్కేది. దిష్టి భయంతో వీధిలో ఎవరి దగ్గరా నోరు విప్పలేదు.

మొన్న డాక్టరు, బిడ్డను ఇంటికి తీసుకెళ్లొచ్చు, ఇక ఏ పాలైనా అరుగుతాయి అన్నాడు. ఆదెమ్మ వెంటనే గేదెకు జున్నుబిళ్ల పెట్టింది. ఇవాళ బెల్లమూ మిరియాలూ వేసి జున్ను వండి, ఇల్లిల్లూ పంచుతోంది. బిళ్ల పెడితే జున్నుపాలు ఎప్పుడైనా వస్తాయి గాని, దూడ పుట్టకుండా జున్ను పంచడం ఆ ఊళ్లో ఇప్పటికీ ఎరగరు.

పక్కింటి మస్తానమ్మ గిన్నె అందుకుని అనుమానంగా చూసింది.

"మీ గేదె చూడి కట్టనేలేదు గదా వదినా. ఎప్పుడీనింది? పెయ్యా, దున్నా?"

అప్పుడే వీధి మొదట్లో ఆటో ఆగింది. అందులోంచి శిరీష బిడ్డ ఏడుపు వీధి చివరిదాకా మోగింది. కిటికీలు తెరుచుకున్నాయి.

"పెయ్యే వదినా," అంది ఆదెమ్మ, రెండో గిన్నె కూడా ఆమె చేతిలో పెడుతూ. "గొంతు వినపడలా?"