పేరు చెప్పిన ఆడది

“మీ ఆయన పేరు చెప్పమ్మా,” అంది ఆండాళ్ళు.

నూకరత్నం చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “అయ్యో, నేనెలా చెబుతానండీ!” అంటూ పక్కనున్న మరిది వైపు చూసింది. అతను చెబితే గుమాస్తా భీమశంకరం రాసుకున్నాడు.

“ఉండనివ్వండి. మన మనిషే,” అంది ఆండాళ్ళు భర్తతో.

డిప్యూటీ తాసీల్దారు రామమూర్తి సంతకం పెట్టాడు.

బర్మాలో తిరుగుబాట్లు మొదలయ్యాక రంగూను నుంచి ఓడల మీద జనం వచ్చి పడుతున్నారు. వాళ్ళలో కొల్లేటి లంకలు తమ ఊళ్ళని చెప్పుకునేవాళ్ళను ఆకివీడు బంగళాలో విచారించి తేల్చమని రామమూర్తికి పైనుంచి ఉత్తర్వు. కాగితాలున్నవాళ్ళతో పేచీ లేదు. లేనివాళ్ళు ఇక్కడివాళ్ళేనని నమ్మకం కుదిరితే ఉండనివ్వాలి. కుదరకపోతే విశాఖ పంపి తిరుగు ఓడ ఎక్కించాలి.

జాలిపడి అందరినీ ఉంచేయడానికీ లేదు. పోయిన నెల గణపవరంలో ఒకావిడ, బర్మాలో పోయినవాడి భార్యనని చెప్పి అతని ఇంట్లో చేరింది. కొన్నాళ్ళకు అసలు భార్య ఓడ దిగింది. రంగూను రేవులో పేర్లూ ఊళ్ళూ నేర్పి పంపేవాళ్ళున్నారట.

దానికి విరుగుడు కనిపెట్టింది ఆండాళ్ళే. “మన ఆడవాళ్ళు ప్రాణం పోయినా మొగుడి పేరు పలకరండీ. తడబడితే మన మనిషి. గడగడా చెప్పేసిందా, నేర్చుకొచ్చిందన్నమాట.”

“అయితే నువ్వే వచ్చి కూర్చో,” అని నవ్వాడు రామమూర్తి. అప్పటినుంచీ వరండాలో ఆవిడకీ ఒక కుర్చీ. చేతిలో ఏ కాగితమూ లేని ఆడవాళ్ళు ఎందరో ఆవిడ మాట మీద ఇక్కడ ఉండిపోయారు. ఆ తృప్తి ఆవిడకు ఉంది.

“పెద్దింటమ్మా!” అని పిలిచాడు భీమశంకరం.

ఒంటరిగా వచ్చి నిలబడిందా మనిషి. ముప్పై ఏళ్ళు ఉంటాయేమో. చూపు ఎవరి మీదా ఆనడం లేదు.

“ఏ ఊరమ్మా మీది?”

“ఆయనది కొల్లేటి లంకండి. నేను రంగూన్లోనే పుట్టానండి.”

“లంకలో మీవాళ్ళు?”

“అత్తామావా పోయారండి. మిగతావాళ్ళు నన్నెప్పుడూ చూళ్ళేదండి.”

“మీ ఆయనేడీ?”

“ఎనకాల వత్తన్నాడండి.”

“అందరి మొగుళ్ళూ ఎనకాలే!” అన్నాడు భీమశంకరం. “వాళ్ళకి వేరే ఓడ వేశారు కాబోలండీ.”

ఆండాళ్ళు అతన్ని కళ్ళతోనే వారించింది. “ఆయన పేరేంటమ్మా?” అని మెత్తగా అడిగింది. చెప్పకపోతే బాగుండుననుకుంది.

“ముంగర ముత్యాలరాజండి. రామయ్యగారబ్బాయి. నల్లగా పొడుగ్గా ఉంటాడండి. ఎడం చెవి తమ్మె తెగి ఉంటదండి. నీలం గళ్ళ లుంగీ అండి.”

ఎక్కడా ఆగలేదు. సిగ్గు లేదు, తడబాటు లేదు. విన్నందుకు ఆండాళ్ళే తల వంచుకుంది.

“లుంగీ రంగుతో సహా నేర్పారండోయ్!” అన్నాడు భీమశంకరం.

“మళ్ళీ చెప్పు,” అన్నాడు రామమూర్తి.

మళ్ళీ చెప్పింది. అదే వరస. ఒక్క మాట తేడా లేదు.

“లంకకు మనిషిని పంపి అడిగిస్తేనో?” అంది ఆండాళ్ళు.

“ముత్యాలరాజని ఒకడు బర్మా వెళ్ళాడనే చెబుతారు. ఈవిడ అతని భార్యని ఎవరు చెబుతారు? పరీక్ష నీదే కదా, నువ్వే చెప్పు.”

“మన మనిషి కాదండీ,” అంది ఆండాళ్ళు.

భీమశంకరం సంగతి చెప్పాడు. సాయంత్రం రైలుకు విశాఖ, అక్కణ్ణించి రంగూను ఓడ. పెద్దింటమ్మ ఏడవలేదు. “ఇక్కడికే రమ్మన్నాడండి ఆయన. వచ్చేతలికి నేను లేకపోతే ఎలాగండి?” అంది, ఎవరి గురించో చెబుతున్నట్టు. తరవాత మెట్లు దిగిపోయింది.

గేటు దగ్గర ఎడ్లకు నీళ్ళు పెడుతున్న బండివాడి ముందు ఆగింది. “ముంగర ముత్యాలరాజండి. రామయ్యగారబ్బాయి...” మాటలు వరండాలోకి వినబడుతున్నాయి. బండివాడు తల అడ్డంగా ఊపాడు. ఆవిడ చేపల గంపతో వెళ్తున్న ఒక ముసలమ్మకు అడ్డం వెళ్ళింది. అదే వరస, అదే గొంతు.

“ఇంకా పాఠం అప్పజెబుతూనే ఉంది, చూడండి,” అని నవ్వాడు భీమశంకరం.

నీలం గళ్ళ లుంగీ దాకా వచ్చి ఆగింది పెద్దింటమ్మ.

“ఎక్కడన్నా కనబడ్డాడా అమ్మా?”