గొంతుకు గృహప్రవేశం

పక్షవాతం వచ్చాక ఎర్రయ్య మాట ముద్దయిపోయింది. ఇప్పుడు అలాంటివాళ్లందరికీ ఉన్నట్టే అతని మెడలోనూ ఒక మాటపెట్టె ఉంది. అతని ముద్దమాటను అర్థం చేసుకుని, అతని పాత గొంతుతోనే పలుకుతుంది. కానీ పెట్టెలో డిస్కు నిండిపోయింది. ఈమధ్యే పుట్టిన మనవరాలి పేరు నేర్చుకోవడానికి దానికి చోటు లేదు.

అందుకే కూతురు పైడమ్మ పెద్ద డిస్కు తెచ్చి, పాతదాన్ని ఉన్నదున్నట్టు అందులోకి ఎక్కించింది. పక్కనే తల్లి నూకాలమ్మ పాలు పొంగించింది.

"డిస్కుకి గృహప్రవేశమేటమ్మా?"

"మీ నాన్న గొంతు కొత్తింట్లోకెల్తంది. ఊరికినే ఎలిపోద్దేటి?"

పెట్టె వెలిగింది. ఎర్రయ్య పాపను చూసి, "ఆయీ" అన్నాడు.

"కొత్త మాటకు చోటు లేదు," అంది పెట్టె.

పైడమ్మకు ఏడుపొచ్చింది. నూకాలమ్మ మాత్రం నవ్వింది.

"మనమూ అంతే గదే! కాలనీలో మూడు గదులిల్లిచ్చినా, పాకలో అలవాటుకి అందరం ఒక్క గదిలోనే తొంగునేవోళ్లం."

పైడమ్మకు చటుక్కున తట్టింది. ఉన్నదున్నట్టు ఎక్కించడంతో పాత డిస్కు హద్దు కూడా గోడలా వచ్చేసింది. అవతలి జాగా కూడా తనదేనని పెట్టెకు తెలియదు. ఆమె ఆ గోడను కొత్త డిస్కు చివరిదాకా జరిపింది.

"ఆయీ," అన్నాడు ఎర్రయ్య మళ్లీ.

"ఎవరి పేరు ఇది?" అడిగింది పెట్టె.

"మా మనవరాలిది. జాబిలి," చెప్పింది నూకాలమ్మ.

ఎర్రయ్య మళ్లీ నోరు తెరిచాడు. "జాబిలీ!"

పలికింది పెట్టే అయినా, ఒకప్పుడు సముద్రం మీద పడవల్ని కేకేసిన అతని గొంతు అది. పాప ఉలిక్కిపడి ఏడుపందుకుంది.

"బుజ్జిదాన్ని బెదరగొట్టీసినావు గదా మావా," అంటూ నూకాలమ్మ కళ్లు తుడుచుకుని, అందరికీ పాలు పోసింది.