దొర బూటు అట్టలు

"ఈ మేకు ఇక్కడ కాదు మామా. మళ్ళీ పీకు."

సన్యాసి ఆ మాట అనేసరికి మునస్వామి చేతిలో సుత్తిని నేలకేసి కొట్టాడు. పొద్దుటినుంచీ ఇదే వరస. వారమంతా ఎస్టేటు గుర్రాల జీనులు కుట్టి కుట్టి నడుం పడిపోయింది. ఆదివారం ఒక్క పూట కాళ్ళు చాపుకుందామంటే ఈ పిచ్చివాడు వచ్చి పీక మీద కూర్చున్నాడు. దొర పారేసిన పాత బూట్లు చెత్తకుప్పలో ఏరుకొచ్చాడట. వాటికి అడుగున కొత్త అట్టలు కావాలట. అవి అచ్చం దొర ఇప్పుడు తొడుక్కునే బూట్ల అట్టల్లాగే ఉండాలట!

"ముద్రలో కుడిపక్కే ఉంది కదరా ఆ మేకు!"

"ముద్రలో కుడిపక్క ఉంటే అట్టకి ఎడంపక్క కొట్టాలి మామా. నేల మీద పడేసరికి తిరగబడుతుంది కదా!"

నిజమే. అది నిజం కావడంతో మునస్వామికి ఒళ్ళు మరింత మండింది. ఇద్దరి మధ్యా అరిటాకులో ఇటుకలా ఎండిన బురద గడ్డలు రెండు ఉన్నాయి. వాటి మీద కులంబర్ దొర బూటు ముద్రలు. ఓవర్సీరు దొరను కూలీల లైన్లో అందరూ అలాగే అంటారు. మడమకు అంచు విరిగిన ఇనప నాడా, మేకుల వరసలో పక్కకు ఒరిగిన మేకు, అన్నీ ఉన్నవున్నట్టు పడ్డాయి.

"అట్ట కింద ఏముందో ఎవడు చూస్తాడురా? హోలీకి దొర వేషం కట్టి, టోపీ పెట్టుకుని నాలుగడుగులు వేస్తావు. 'డ్యామ్ ఫూల్' అంటావు. జనం నవ్వుతారు. కాలెత్తి అందరికీ చూపిస్తావా ఏం?"

"కాలెత్తని కులంబర్ ఎక్కడున్నాడు మామా?"

మునస్వామి పళ్ళు నూరుకుంటూ మేకు పీకాడు.

"అవునుగానీ, ఈ ముద్రలెక్కడ దొరికాయిరా నీకు? దొర రాత్రుళ్ళు లైన్లోకొచ్చి పోయిన అడుగులన్నీ జనం లేవకముందే సర్దార్ రామ్ లాల్ చీపురుతో చెరిపేస్తాడు గదా?"

"మా గుమ్మం ముందే. ఆ రోజు వాడికన్నా ముందు నేను లేచాను."

దొర ఆ గుమ్మం దాకా ఎందుకొచ్చాడో మునస్వామికి తెలుసు. రేపటినుంచి సన్యాసి పెళ్ళాం నూకాలు చెరకు తోటకు రానక్కర్లేదనీ, బంగళా పనికి పొమ్మనీ దొర హుకుం వేశాడు. ఆ పని ఏమిటో లైన్లో తెలియనివాళ్ళు లేరు.

"ఒరే! అక్కడ ఆ పిల్ల తిండి మానేసి గోడకేసి చూస్తోంది. నువ్వు ఇక్కడ కూర్చుని వాడి బూటుకి మేకులు దిద్దిస్తున్నావా? సిగ్గు లేదట్రా? వెళ్ళి మేజిస్ట్రేటు కాళ్ళ మీద పడు!"

"మేజిస్ట్రేటు కాళ్ళకీ ఇలాంటి బూట్లే ఉంటాయి మామా," అన్నాడు సన్యాసి తల ఎత్తకుండా. "మాది పగటివేషాల వంశం. వేషం కడితే అసలు మనిషే అనుకోవాలి. లేకపోతే కట్టనే కూడదు. ఆ నాడా అంచు ఇంకొంచెం అరగదియ్యి."

"హోలీకి ఇంకా వారం ఉందిరా వెధవా! ఏం ముంచుకొచ్చిందిప్పుడు?"

"నడక అలవాటు కావద్దూ?"

ఇక వాడితో మాట్లాడటం దండగనిపించింది మునస్వామికి. తిట్టుకుంటూ ఆకురాయి తీసి అరగదీశాడు. సాయంత్రానికి అట్టలు బూట్లకు ఎక్కాయి. సన్యాసి వాటిని తడిమట్టిలో అదిమి, ముక్కు నేలకు తగిలేలా వంగి, గడ్డల పక్కన పెట్టి చూశాడు. చివరికి తల ఊపాడు. ఉన్నట్టుండి మునస్వామి కాళ్ళకు దణ్ణం పెట్టాడు.

"నూకాలు కూడా పెట్టమంది మామా."

"చాల్లే నీ వేషాలు! ఇక నా కంటపడకు, పో!"

తెల్లారి గుర్రాలకు మేత వెయ్యడానికి బయలుదేరిన మునస్వామికి సన్యాసి గది ముందే రామ్ లాల్ కనబడ్డాడు. కొబ్బరీనెల చీపురుతో నేల ఊడుస్తున్నాడు. రాత్రి చినుకులు పడ్డాయేమో, మెత్తటి మట్టిలో బూటు ముద్రలు దిగబడి ఉన్నాయి. దొర రానే వచ్చాడన్నమాట! ఈ చవట మొగుడు బూట్లు పక్కన పెట్టుకుని నిద్రపోయాడన్నమాట!

వాణ్ణి లేపి నాలుగు తగిలిద్దామని తలుపు మీదికి వెళ్ళాడు. రామ్ లాల్ చీపురు అడ్డం పెట్టాడు.

"తలుపు కొట్టేది లేదు! దొర వచ్చిన ఇల్లు, వాళ్ళే తీసేదాకా ఎవరూ కొట్టేది లేదు. హుకుం. నువ్వు కుచ్ చూడలేదు, సమ్‌ఝా?" అన్నాడు తన వచ్చీరాని తెలుగులో. మొన్న తోటలోంచి పారిపోయిన కూలీ భగవాన్‌ను అడుగులు పట్టుకుంటూ పోయి మధ్యాహ్నానికల్లా ఈడ్చుకొచ్చినవాడు వీడే. ఇప్పుడు వంగి, మడమ గుంటలో మట్టి పూడుస్తూ గొణిగాడు. "దొర బహుత్ మోటా అయ్యాడు. చూడు, ఎంత లోతు పోయిందో! ఒక్క మనిషి బరువా ఇది?"

మునస్వామీ వంగి చూశాడు. గుమ్మంలోకి వచ్చిన అడుగులు ఒక్కటీ లేవు. అన్నీ గుమ్మం నుంచి చెరకు తోటలోకి పోయినవే. మేకుల వరసలో పక్కకు ఒరిగిన మేకు. నిన్న తిట్టుకుంటూ తను కొట్టిన మేకే అది. ఇంకో మనిషిని వీపున మోసుకుపోతే తప్ప సన్యాసి లాంటి బక్కవాడి అడుగు అంత లోతు దిగదు.

అతను మెల్లగా నడుం నిటారు చేసి, చెరకు గట్టు వైపు చూసి, ఎప్పటిలాగే విసుక్కున్నాడు.

"కళ్ళెక్కడ పెట్టుకున్నావు సర్దార్? గట్టు పక్కన ఇంకా బోలెడు మిగిలిపోయాయి. ఆ చీపురు ఇలా ఇవ్వు, నేను చెరుపుతాను."